పూర్వికుల పత్రములను వెదకదగిన డిజిటల్ భాండాగారముగా అమర్చుట

తోటలలో కూలి చేయుటకు సముద్రము దాటిన తెలుగువారి సంతతి నేడు కెనడాలోను నివసించుచున్నది. ఓక్‌విల్ పరిసరములందలి మన కుటుంబముల పెట్టెలలో డర్బన్, మారిషస్, ఫిజీల నుండి వచ్చిన ఒప్పంద పత్రములు, వివాహ పత్రములు, తెలుగు ఉత్తరములు ఇంకను కలవు. వానిని స్కాన్ చేసినంత మాత్రమున భాండాగారము ఏర్పడదు. పేరు అడిగినప్పుడు పత్రము దొరకవలెను.

మా దేవాలయ సంఘము మొదట ఈ సంగతి గ్రహింపలేదు. ఫైళ్లకు ‘స్కాన్ 1’, ‘స్కాన్ 2’ అని పేర్లు పెట్టితిమి. ఒక కుటుంబము తమ ముత్తాతగారి పత్రము అడిగినపుడు సాయంకాలమంతయు వెదకవలసి వచ్చినది. ఆ అనుభవముతో నేర్చుకొన్న పద్ధతి ఇది.

సంఖ్యయే ఆధారము

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అను నౌక మద్రాసు నుండి డర్బన్ చేరినది. 1911 వరకు నటాల్‌కు వచ్చిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. ప్రతి మనిషికి ఒక సంఖ్య ఇచ్చిరి. నౌకా జాబితాలో ఆ సంఖ్యతోపాటు పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహముపై గుర్తులు వ్రాసిరి. ఈ జాబితాలను తరువాతివారు కంప్యూటరు పట్టికలలోనికి ఎక్కించిరి. అందువలననే నేడు సామాన్య కుటుంబములును తమవారిని వెదకగలుగుచున్నవి.

పేరు మారవచ్చును, సంఖ్య మారదు. కావున ఫైలు పేరును సంఖ్యతో మొదలుపెట్టవలెను. తరువాత సంవత్సరము, పత్రము రకము, పుట వ్రాయవలెను. ఉదాహరణకు: ‘45210-1891-వివాహము-01’. సంఖ్య లేని ఉత్తరములకు, ఫోటోలకు కుటుంబమునకొక సంఖ్య మనమే ఏర్పరచుకొనవలెను.

పేరునకు రెండు గడులు

గుమాస్తాలు చెవికి వినబడినట్లు ఇంగ్లీషులో వ్రాసిరి. అప్పలస్వామి ఒకచోట ‘అపల్సామీ’, వేరొకచోట ‘అప్పలసామి’ అగును. పత్రములోని అక్షరములను దిద్దరాదు. ఒక గడిలో ఉన్నదున్నట్లు వ్రాసి, ప్రక్క గడిలో సరియైన తెలుగు రూపము వ్రాయవలెను. అప్పుడు ఏ రూపముతో వెదకినను మనిషి దొరకును.

తెలుగును యూనికోడ్ అక్షరములలోనే టైపు చేయవలెను. పాత ‘అను’ ఫాంట్లలో చేసినది చూచుటకు తెలుగే, కాని వెదుకులాటలో దొరకదు. చేతివ్రాతను చదువుటలో కంప్యూటరు తరచుగా పొరబడును గనుక, పట్టికను మనుష్యులే నింపి, రెండవవారు సరిచూడవలెను.

ఊరు, జిల్లా

పత్రములోని జిల్లా నేటి జిల్లా కాకపోవచ్చును. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడినది. ఒప్పంద కాలమున అందలి గ్రామములు విశాఖపట్నము, గంజాము జిల్లాలలో ఉండెను. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినది. అంతకుముందు చిత్తూరు పట్టణము ఉత్తర ఆర్కాటులోనిది. ‘మద్రాసు’ అని మాత్రమే ఉన్నచో అది ఓడరేవు పేరు కావచ్చును. దానిని బట్టి తమిళులని తలచుటవలన ఎందరో తెలుగువారు లెక్కలో మరుగుపడిరి. పాత జిల్లాకు, నేటి జిల్లాకు వేర్వేరు గడులు ఉండవలెను.

భద్రత

అంగుళమునకు 300 చుక్కల స్పష్టతకు తగ్గకుండ స్కాన్ చేయవలెను. చిన్న ఫోటోలకు 600 మేలు. మూలచిత్రమును ‘టిఫ్’ రూపమున దాచి, చూచుటకు ‘పీడీఎఫ్’ ప్రతి చేయవలెను. మొత్తము మూడు ప్రతులుండవలెను. వానిలో ఒకటి వేరొక ఊరిలో ఉండవలెను. జీవించియున్నవారి పత్రములను వారి అనుమతి లేనిదే అందరికి చూపరాదు. స్కాన్ అయిన కాగితమును పారవేయరాదు.

పని ఎక్కడ మొదలుపెట్టవలెనని అడుగువారికి మా సలహా ఒక్కటే. స్కానరు కొనుటకు ముందే ఇంటి పెద్దల ఎదుట పెట్టె తెరువుడు. ఫోటోలో ఎవరున్నారో, ఉత్తరము ఎవరు వ్రాసిరో అడిగి వ్రాసికొనుడు. యంత్రము వచ్చే సంవత్సరము కూడ దొరకును. ఆ ముఖములను గుర్తుపట్టగలవారు అప్పటికి ఉందురో లేదో చెప్పలేము.