గవాక్షము - గాజుకిటికీ



ఇల్లు కట్టదలచినవాడు ముందుగా రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకొనవలెను. వెలుతురు లోనికి వచ్చుటెట్లు? వేడిమి రాకుండుటెట్లు? మన సీమలో ఈ రెంటికిని పెద్దలు చెప్పిన జవాబు మిద్దె. ఆ మిద్దెలను పడగొట్టి క్రొత్త ఇండ్లు కట్టుచున్న ఈ దినములలో, ఆ జవాబు నొకమారు తరచి చూచుట మంచిది.

సంస్కృతమున కిటికీకి గవాక్షమని పేరు. గోవు కన్ను వంటిదని దాని యర్థము. చూచెడి కన్నును చెప్పనపుడే అక్షిశబ్దము సమాసమున నిట్టి రూపము పొందునని వ్యాకరణము. ఆ మాటయే మన పల్లెల నోట గవాచి యైనది. అయితే మన గవాచి గోడలో నుండునది కాదు. మిద్దె కప్పులో నుండును.

బేతంచెర్ల ప్రాంతమున నాపరాతికి కొదువ లేదు. మందమైన రాతిగోడలు లేపి, దూలములపై దంతెలు పరచి, వానిపై కట్టెలనో బండలనో కప్పి, పైన మన్నును, ఆపైన చవుడును పోసెడివారు. పగటి ఎండ ఆ మందమును దాటి లోనికి చేరుసరికి ప్రొద్దు వాలును. అప్పటికి ఇంటివారు మిద్దెమీదనో వాకిటనో పడకలు వేసికొందురు. గోడకు కిటికీలు చిన్నవి, కొద్దివి. గవాచినుండి చేటంత ఎండ నేలపై బడి ఇల్లంతటికి వెలుతురు నిచ్చును. పొగయు వేడిగాలియు ఆ దారినే పైకి పోవును. మా అవ్వకు గడియారము లేదు. ఆ ఎండబిళ్ళ తిరుగలి చెంతకు రాగానే సంగటి కెసరు పెట్టెడిది.

చలిదేశముల చిక్కు వేరు. వారికి ఎండ చుట్టము. రోమకులు క్రీ. శ. 1వ శతాబ్దినాటికే స్నానశాలల కిటికీలకు గాజు బిగించిరి. గాజు ఎండను లోనికి విడుచును. లోపల కాగిన వస్తువుల వేడిమిని వెంటనే బయటికి పోనీయదు. జెనీవా పండితుడు సొస్యూరు 1767లో గాజుపలకల పెట్టెతో ఈ గుణమును పరీక్షించి చూచెను.

ఇందులో సూర్యుని యెత్తు ముఖ్యము. డిసెంబరు మాసాంతమున నడిపగలు లండను నగరమున సూర్యుడు క్షితిజమునకు సుమారు 15 డిగ్రీల యెత్తున మాత్రమే యుండును. కావున అచ్చట దక్షిణపు కిటికీ నిండ ఎండ వచ్చును. అదే దినమున బేతంచెర్లలో ఆ యెత్తు సుమారు 51 డిగ్రీలు. మే మొదటివారమున మనకు సూర్యుడు సరిగా నడినెత్తిన నిలుచును. పిదప ఆగస్టు రెండవవారము వరకు నడిపగటివేళ ఉత్తరముననే యుండును. కావున దక్షిణపు కిటికీకి చిన్న చూరు చాలును. ఏటవాలు ఎండ సూటిగా జొరబడునది తూర్పు పడమరల కిటికీలనుండియే.

నా యెరుకలోని ఒక గృహస్థు పాతమిద్దె తీసివేసి, పడమట గోడ నిండ గాజు పెట్టించెను. ఇప్పుడు ఆ యింట మూడు గంటలకు తెరలు దింపి, పట్టపగలు దీపము వెలిగించి, చల్లగాలి యంత్రము నడుపుచున్నారు. వెలుతురు కొరకు పెట్టిన గాజు వెలుతురును గూడ దూరము చేసినది!

ఎండనుండి విద్యుత్తు తీయు విద్య యిపుడు కిటికీకిని వచ్చినది. వెలుతురునుండి విద్యుత్తు పుట్టుటను ఫ్రెంచి పండితుడు బెకరెల్ 1839లో కనుగొనెను. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు సిలికాను పలకలతో పనికివచ్చు విద్యుత్తు తీసిరి. 2017లో మనకు చేరువనే గని, శకునాల గ్రామముల భూములలో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము వెలసినది. నేడు కొంత వెలుతురును లోనికి విడిచి, కొంతను విద్యుత్తుగా మార్చు గాజులు కలవు. సన్నని వెండిపూతతో వేడిమిని మరలగొట్టు గాజులును కలవు.

అయినను ఒకచోటి మందు మరియొకచోట పథ్యము కాదు. సూర్యుడు క్రిందుగా నుండు దేశములలో నిలువుగాజు ఎండను బాగుగ పట్టును. మనకు ఎండ కురియునది కప్పుపైన. కావున మన యింట సౌరఫలకమునకు చోటు మిద్దె. కిటికీకి కావలసినది నీడ.

పెద్దలారా, మీ పిల్లలు క్రొత్త ఇంటికి ముగ్గు పోయునపుడు ప్రక్కన నిలిచి, పడమట పెద్ద కిటికీ వలదని ఒక మాట చెప్పుడు. గవాచిని విడిచినను విడువవచ్చును. దానిని పెట్టిన తెలివిని మాత్రము విడువరాదు.