మాటలులేని చిత్రానికి భాష ఏది?

భారతీయ టాకీలు వచ్చిన 56 ఏళ్లకు, 1987లో, సంభాషణ ఒక్కటైనా లేని హాస్యచిత్రం బెంగళూరులో తయారైంది. దర్శకులు సింగీతం శ్రీనివాసరావు నెల్లూరు జిల్లావారు, కె.వి.రెడ్డిగారి శిష్యులు. శృంగార్ నాగరాజ్‌తో కలిసి నిర్మాత కూడా వారే. ఆ చిత్రం కన్నడంలో ‘పుష్పక విమాన’, తెలుగులో ‘పుష్పక విమానం’, హిందీలో ‘పుష్పక్’. తమిళంలో మాత్రం ‘పేసుం పడం’, అంటే మాట్లాడే బొమ్మ! ఆ పేరే ఒక చమత్కారం.

నిజానికి ఇది మూకీ కాదు. వీధి రొద, తలుపుల చప్పుడు అన్నీ వినిపిస్తాయి, మాటే వినిపించదు. నిరుద్యోగి అయిన కథానాయకుడు (కమల్‌హాసన్) తాగి రోడ్డుపక్కన పడిపోయిన ధనికుణ్ణి బంధించి, అతని హోటలు గదిలో మకాం పెడతాడు. అక్కడి నిశ్శబ్దానికి నిద్రపట్టక, తన పాత గది పక్కనున్న సినిమాహాలు రొదను టేపులో పట్టి తెచ్చుకుంటాడు. బందీ మలాన్ని బహుమతి పొట్లంగా చుట్టి పారవేయటం, మంచుకత్తితో చంపవచ్చిన హంతకుడి (టీనూ ఆనంద్) అవస్థ శుద్ధ చేష్టాహాస్యం. కాని తన చిల్లర చూపి గర్వపడిన నిరుద్యోగికి బిచ్చగాడు (పి.ఎల్.నారాయణ) అంతకు మించిన డబ్బు చూపినప్పుడు నవ్వు గొంతులోనే ఆగుతుంది.

మేము బెంగళూరులో ఈ చిత్రం చూసిననాడు హాల్లో కన్నడిగులు, తెలుగువారు, తమిళులు, ఉర్దూవారు ఒకే చోట నవ్వారు. మా వెనుక వరుసలో ఒక తల్లి మాత్రం తన బిడ్డకు కోలారు తెలుగులో కథ చెబుతూనే ఉంది. తెరమీద మాట లేదు కనుక ఆమె గొంతు మాకు స్పష్టంగా వినబడింది. ఆ పూట చిత్రానికి సంభాషణలు ఆమెవే.

ప్రజాదరణతోబాటు ఆరోగ్యకరమైన వినోదం అందించినందుకు ఈ చిత్రానికి జాతీయ పురస్కారం లభించింది. ఒక్క మాటైనా పలకని కమల్‌హాసన్‌కు ఫిలింఫేర్ ఉత్తమ నటుడి బహుమతి కన్నడ విభాగంలో వచ్చింది. పురస్కారాలకు భాషాముద్ర తప్పదు; నవ్వుకు ఆ అవసరం లేదు.

మరి ఇది ఎవరి సినిమా అని విద్యార్థులు మమ్మల్ని అడుగుతుంటారు. చూసి ఇంటికి వెళ్లి ఏ భాషలో చెప్పుకున్నామో, మనవరకు ఇది ఆ భాషా చిత్రమే. “మాది సరైన తెలుగు కాదండీ” అని సంకోచించేవారికి మేమిచ్చే అభ్యాసం ఒకటే: మంచుకత్తి ఘట్టాన్ని మీ అవ్వకు చెప్పినట్లు చెప్పండి. ఆమె నవ్విందంటే మీ తెలుగు సరైనదే.