పెనుకొండ కిల్లా, చైనా బాదుషాలు

హిందూపురం నుంచి ధర్మవరం పోయే రైల్లో, పెనుకొండ దాటుతుండగా మా మనవరాలికి చీనీకాయ ఒలిచి ఇస్తున్నాను. "నానా, దీన్ని చీనీ అని ఎందుకంటారు?" అని అడిగింది. చీనీ అంటే చైనాది అన్నాను. మన ఉర్దూలో చక్కెర చీనీ, పింగాణీ చీనీ మట్టి. హిందూపురం మార్కెట్టులో అమ్మే పట్టుగూళ్ళు, ధర్మవరం మగ్గాల మీది రేషం, ఆ హునర్ కూడా మొదట పుట్టింది చైనాలోనే.

పిల్లకు అంతవరకే చెప్పాను. మిగతా తారీఖు మీకు చెబుతాను.

పెనుకొండ కిల్లాలో 1354 నాటి శాసనం ఉంది. బుక్కరాయలు ఈ సీమను తన కొడుకు వీర విరూపణ్ణకు అప్పగించాడని అందులో ఉంది. ఆ బుక్కరాయలే 1374లో చైనా మింగ్ దర్బారుకు సఫీర్లను పంపాడు. మింగ్ వంశం గద్దెనెక్కి అప్పటికి ఆరేళ్ళే. జంగ్ లేదు, జబర్దస్తీ లేదు. దోస్తీ, తిజారత్, అంతే.

తర్వాత చైనా జహాజులే ఇటు వచ్చాయి. 1405 నుంచి 1433 దాకా ఏడు సఫర్లు చేసిన నౌకాధిపతి జెంగ్ హె ముసల్మాన్. ఆయన తండ్రి, తాత హజ్ చేసినవారు. ఆయన దుబాసీ మా హువాన్ కూడా ముసల్మానే. వాళ్ళు కాలికట్ రేవుకు వచ్చి మిరియాలు కొన్నారు. సింహళంలోని గాలెలో చైనా, తమిళ, ఫార్సీ మూడు భాషల్లో శిలాశాసనం వేయించారు. 1433 తర్వాత మింగ్ బాదుషాలు ఈ సఫర్లు మానేశారు. ఆ శతాబ్దం చివర, 1498లో, అదే కాలికట్‌కు పోర్చుగీసు ఫిరంగీలు వచ్చారు.

మింగ్ తర్వాత చింగ్ వంశం. 1793లో ఇంగ్లీషు రాయబారి మెకార్ట్నీ వస్తే, మీ సరుకుతో మాకు జరూరత్ లేదని చియెన్‌లుంగ్ బాదుషా జవాబిచ్చాడు. ఇంగ్లీషువారికేమో చైనా టీ కావాలి. దానికి వెండి పోయాల్సి వస్తోందని హిందుస్తాన్‌లో పండించిన నల్లమందు అక్కడికి చేర్చారు. అది హరాం సొమ్ము అని వేరే చెప్పాలా? 1839లో లిన్ జెషూ అనే అధికారి ఇరవై వేలకు పైగా నల్లమందు పెట్టెలను నాశనం చేయించాడు. దాంతో జంగ్ మొదలైంది.

ఇక్కడే మన వాటా ఉంది. 1800లో నిజాం మన దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేశాడు. కంపెనీ మద్రాసు ఫౌజులో తెలుగువాళ్ళు, తమిళులు, ముసల్మాన్లు సిపాయిలు. ఆ ఫౌజునూ చైనా మీదికి తోలారు. 1841 మే నెలలో కాంటన్ దగ్గర సాన్‌యువాన్‌లీలో గ్రామస్థులు 37వ మద్రాసు పటాలం సిపాయిలను చుట్టుముట్టారు. వానకు మందు తడిసి తుపాకులు పేలలేదు. తమ ఊళ్ళను కాపాడుకునే రైతులు ఒకవైపు, నెల జీతం కోసం సముద్రం దాటిన మన బీదవాళ్ళు ఇంకోవైపు. 1842 నాన్‌కింగ్ సంధితో హాంకాంగ్ ఇంగ్లీషువారి పాలైంది. సిపాయికి దక్కింది జీతం.

సఫీర్లను పంపిన బుక్కరాయల గురించి మనం ఫఖ్ర్‌గా చెప్పుకుంటాం. జాలిం చేతిలో తుపాకీ మోసిన సిపాయీ మనవాడే. పిల్లలకు రెండూ చెప్పండి. మా మనవరాలు ఇంకొంచెం పెద్దదయ్యాక నేనూ చెబుతాను, ఇన్షా అల్లాహ్.