సున్నము మూలకమా?

సున్నపురాయిని బట్టీలో కాల్చి, వచ్చిన సున్నమును నీటితో తడిపి గోడలకు వెల్ల వేయుదుము, తమలపాకునకు రాచుకొందుము. ఇంత పరిచితమైన సున్నము ఒకనాడు మూలకముల పట్టికలో బంగారము సరసన నిలిచినదని మనలో పలువురము ఎరుగము.

1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజియే తన రసాయనశాస్త్ర గ్రంథమున 33 మూలకములను పేర్కొనెను. గంధకము, ఆమ్లజనులతోపాటు సున్నమును, వెలుతురును, ఉష్ణమును కూడ చేర్చెను. దీనికి మనము నవ్వరాదు. ఇంతవరకు ఏ ఉపాయముచేతను విడదీయలేకపోయినదే మూలకమని ఆయన నిర్ణయము. సున్నమును విడదీయు సాధనము నాడు లేదు. అయినను ఏదో లోహము ఆమ్లజనితో కూడగా సున్నమైనదేమో యని ఆయన శంకించెను. ఆ శంక తీరకమునుపే, 1794 మే 8న, విప్లవ న్యాయస్థానపు తీర్పున ఆయన శిరస్సు తెగెను.

1800లో వోల్టా విద్యుద్ఘటమును ప్రకటించెను. అట్టి ఘటముల బలముతో 1808లో లండనున హంఫ్రీ డేవీ సున్నమునుండి ఒక లోహమును రాబట్టి కాల్షియమని పేరిడెను. తూకమున 40 పాళ్లు కాల్షియము, 16 పాళ్లు ఆమ్లజని: ఈ లెక్క తప్పక కలిసినప్పుడే సున్నము. లోహపు మెరుపుగాని, వాయువు గుణముగాని దానియందు కానరావు. సమ్మేళనమనగా ఇదియే.

నేడు మూలకములు 118. పరమాణు కేంద్రమునందలి ప్రోటానుల సంఖ్యయే వానికి గుర్తు. లవోయిజియే పట్టిక చెదరినది. ‘ఇంతవరకు’ అని ఆయన ఉంచిన హద్దు మాత్రము, తప్పును దిద్దుకొను దారిని శాస్త్రమునకు తెరచి ఉంచినది.