కొండూరి వారు

తంజావూరు సరస్వతీ మహలునందలి తెలుగు తాళపత్రములను దర్శింపవలెనని ఒకప్పుడు బళ్ళారి నుండి బయలుదేరితిని. విల్లుపురమునొద్ద రైలు మారితిని. చిదంబరము దాటిన పిమ్మట టిక్కెట్లు పరీక్షించు ఉద్యోగి తన జాబితాలోని నా పేరును ఇంటిపేరుతో సహా బిగ్గరగా చదివెను. ఎదుటి బల్లపై కునుకుచున్న యొక వృద్ధుడు తలయెత్తి, "మీరు కొండూరి వారా? మేమును కొండూరి వారమే" యనిరి.

వారు కుంభకోణపు వాస్తవ్యులు. ఇంట తెలుగే మాటాడుదురు గాని, తెలుగు లిపి నెఱుగరు. అయినను వారు "కొండూరు వారు" అనలేదు. "కొండూరి వారు" అనిరి. ఊరు అను పదము షష్ఠియందు ఊరి యగును. ఆ గ్రామమునకు చెందిన వారమని చెప్పునది ఆ "రి" యను అక్షరమే. లిపిని పోగొట్టుకొన్న కుటుంబము తరతరములుగా ఆ యొక్క యక్షరమును జారనీయలేదు. నాకొక శాసనము దొరికినంత సంతోషమైనది.

తంజావూరును తెలుగు నాయకులు 1532 నుండి 1673 వఱకు ఏలిరి. వారి కాలమున సైనికులు, కరణములు, పండితులు, కృషీవలులు కావేరీతీరమునకు తరలివచ్చిరి. తరువాతి మరాఠా ప్రభువులును తెలుగును విడువలేదు; షాహజీ తెలుగున యక్షగానములు రచించెను. తిరువారూరున 1767లో జన్మించిన త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. అది కంభము ప్రాంతపు గ్రామము పేరు. వచ్చినవారు భూములను వెంట దెచ్చుకొనలేరు గదా, ఊరి పేరును దెచ్చుకొనిరి.

అరవదేశమున తండ్రి పేరులోని తొలి యక్షరమును బిడ్డ పేరునకు ముందుంచుట ఆచారము. ఇంటిపేరునకు అందు చోటు లేదు. "మా తాతగారి దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా నున్నది. మా నాయన బడిలో చేరినప్పుడు అది యొక్క యక్షరమైనది. నా బిడ్డలకు అదియు లేదు" అని వృద్ధులు చెప్పిరి.

గోత్రము లడుగుకొంటిమి. వారిది కౌండిన్యము, మాది భారద్వాజము. దాయాదులము కామని తేలినది. ఇద్దఱము కొంచెము చిన్నబుచ్చుకొంటిమనియే చెప్పవలెను. పూర్వపు కృష్ణాజిల్లాలోనే ఎ.కొండూరు, జి.కొండూరు అని రెండున్నవని నేనంటిని. "గ్రామములకును ముందక్షరములు వచ్చినవా!" యని వారు పకపక నవ్విరి.

పిదప మెల్లగా, "మన యూరికి చెరువున్నదా? ఏరున్నదా?" యని యడిగిరి. నేనేమి చెప్పుదును? మా పూర్వులు బళ్ళారి చేరి ఎన్ని తరములైనదో మాకే తెలియదు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోగా, మా బళ్ళారి మైసూరున చేరినది. ఏ కొండూరినిగాని నేను గాని, మా తాతగారు గాని చూచి యెఱుగము. ఆ మాటయే చెప్పితిని. వారు చాలసేపు కిటికీ వెలుపలి వరిమళ్ళను చూచుచుండిరి.

కుంభకోణము సమీపించుచుండగా జేబులోనుండి యొక కాగితము తీసి, మనుమనికి చూపుటకు ఇంటిపేరును తెలుగున వ్రాసి యిమ్మనిరి. వ్రాసితిని. "ఇందులో రి యేది?" యని యడిగిరి. వ్రేలితో చూపితిని. కాగితమును నాలుగు మడతలు పెట్టి, కండ్లజోడు పెట్టెలో నుంచుకొని దిగిపోయిరి.