ఇంట కట్టిన రేడియో

గాలిలోనికి మాట పంపవలెనన్న గొప్ప భవనము, మేఘములనంటు స్తంభము, ఉద్యోగుల దండు కావలెనని మనలో పెక్కుమంది తలంపు. ఆకాశవాణి నెరిగిన వారికి అట్లు తోచుట సహజమే. కాని దక్షిణ దేశమున రేడియో ప్రసారము పుట్టినది దొరతనమువారి భవనములలో కాదు, ఉత్సాహవంతుల చేతులలో.

1924 మే నెలలో చెన్నపట్టణమున మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడెను. సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు ఇంగ్లండు నుండి విడిభాగములు తెచ్చి కూర్చిన 40 వాట్ల యంత్రముతో జూలై 31వ తేదీన ప్రసారము లారంభించిరి. నలుబది వాట్లనగా మన యిండ్లలో వెలిగిన పాతకాలపు చిన్న బల్బు వాడుకొనునంత శక్తి! ధనములేమిచే ఆ క్లబ్బు 1927లో మూతపడెను. యంత్రము నగరపాలక సంస్థ చేతికి వచ్చి 1930లో మరల పలికెను. ఇంచుమించు అదే కాలమున, అనగా 1930ల ఆరంభమున, హైదరాబాదు చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అను తపాలా తంతి శాఖ ఉద్యోగి 200 వాట్ల కేంద్రము నొకదానిని సొంతముగా నెలకొల్పెను. మనవంటి ఉద్యోగియే సుమా! 1935లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించెను. 1950లో అది ఆకాశవాణిలో కలిసెను.

ఇంతలో చట్టము మేల్కొనెను. 1885 నాటి తంతి చట్టము వార్తా ప్రసార హక్కును ప్రభుత్వమునకే కట్టబెట్టియుండెను. 1933 నాటి చట్టము, అనుమతి పత్రము లేక యంత్రమును దగ్గర నుంచుకొనుటయే నేరమనెను. 1942లో బొంబాయిలో ఉషా మెహతా ప్రభృతులు రహస్యముగా కాంగ్రెసు రేడియో నడపి, నవంబరులో పట్టుబడి, కారాగారమున కేగిరి. స్వరాజ్యము వచ్చినది, చట్టము మాత్రము అట్లే నిలిచినది.

ఎఫ్.ఎం. విధానము వచ్చిన పిదప ఇంటిలో కట్టుట మరింత సులువయ్యెను. ఆర్మ్‌స్ట్రాంగ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు 1933లో దీనికి పేటెంటు పొందెను. ఒక ట్రాన్సిస్టరు, నాలుగైదు చుట్ల రాగి తీగ, ఒకటి రెండు కండెన్సర్లు, ఒక మైకు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, మూరెడు తీగ యాంటెన్నా: సరంజామా ఇంతియే. తీగచుట్టయు కండెన్సరును కలిసి కంపనము పుట్టించును. మైకులోని మాట ట్రాన్సిస్టరుపై వోల్టేజిని కదల్చగా, ఆ కంపన సంఖ్య మాటతోపాటు ఊగును. దానినే పొరుగింటి రేడియో మరల మాటగా విప్పును. అయితే ఇట్టి యంత్రమునకు నిలుకడ తక్కువ. ఎండకు వేడెక్కినను, చేయి దగ్గరకు చేర్చినను తన స్థానము విడిచి జరుగును. ఎఫ్.ఎం. మెట్టు 88 నుండి 108 మెగాహెర్ట్జుల వరకు. ఆపైది విమానములకు దారి చూపు మెట్టు. అనుమతి యనునది ఉత్త దస్త్రముల ఆర్భాటమని కొట్టివేయుటకు వీలులేదు. ఈ మాట దస్త్రములు మోయువాడు చెప్పుచున్నాడని చదువరులు నవ్వుదురు గాక!

ఇక ఓర్వకల్లు కథ. కర్నూలు జిల్లాలోని ఆ గ్రామమున పొదుపు సంఘముల స్త్రీలు 2002 అక్టోబరులో ‘మన రేడియో’ను ప్రారంభించిరి. యంత్రము శక్తి అర వాటు. వినబడునది ఊరి మేరకే. రాజకీయములు కావు, తమ సంఘముల సంగతులు, తమ పాటలు, తమ కష్టసుఖములు. కొద్ది నెలలకే, 2003 ఫిబ్రవరిలో, అధికారులు వచ్చి యంత్రమును స్వాధీనము చేసికొనిరి. చట్టమును పట్టి చూచిన వారిది తప్పనలేము. కాని అంతకు ఎనిమిదేండ్ల ముందే, 1995 ఫిబ్రవరి 9న, సుప్రీంకోర్టు ఆకాశ తరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పియుండెను. తీర్పు వ్రాసిన వారిలో జస్టిస్ పి. బి. సావంత్ ఒకరు, వేరుగా తీర్పు వ్రాసి ఏకీభవించినవారు మన తెలుగువారైన జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డిగారు. సొత్తు ప్రజలదే, తాళము మాత్రము వేరొకరి చేత నున్నదన్నమాట. ఓర్వకల్లు స్త్రీల కా తీర్పు అక్కరకు రాలేదు.

జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరు, మాచనూరు గ్రామముల పేద దళిత స్త్రీలు వేరొక మార్గము నవలంబించిరి. వారు 1998 ప్రాంతముననే ప్రసారమునకు సన్నద్ధులై, అనుమతి లేనందున తమ మాటలను టేపులపై నింపి సంఘములలో వినిపించుకొనుచు, ఇంచుమించు పదేండ్లు వేచియుండిరి. 2006 నవంబరులో కేంద్రము స్వచ్ఛంద సంస్థలకు ద్వారము తెరచెను. 2008 అక్టోబరు 15న ‘సంగం రేడియో’ గాలిలోనికి పోయెను. ప్రారంభించినవారు ఆ సావంత్ గారే. పదేండ్లు టేపులు పేర్చుకొన్న ఆ తల్లుల ఓర్పును తలచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగును.

మన దీవుల విషయము మరియొక తీరు. 1905 నాటికే పోర్టు బ్లెయిరునకు, బర్మా తీరమందలి డైమండు ద్వీపమునకు నడుమ నిస్తంత్రీ వార్తలు నడచినవి. అది ప్రభుత్వపు మాట. ఇంటివారి మాటయైన హామ్ రేడియో 1987 తరువాత ఇచట పలుకలేదు. సరిహద్దు దీవులగుటచే అనుమతి దుర్లభము. హైదరాబాదునందలి అమెచ్యూర్ రేడియో జాతీయ సంస్థ పక్షమున శ్రీమతి భారతీ ప్రసాద్ గారు పట్టువిడువక ప్రయత్నించి అనుమతి సాధించి, 2004 డిసెంబరులో పోర్టు బ్లెయిరున కేంద్రము తెరచిరి. ప్రపంచమందలి హాములు ఆ పిలుపు సంకేతమునకై క్యూ కట్టిరి. డిసెంబరు 26 ఉదయము 6 గంటల 29 నిమిషములకు భూమి కంపించెను. మాట నడుమనే ప్రసారము తెగిపోయెను. పిమ్మట వచ్చిన ఉప్పెన సంగతి మనకు చెప్పనక్కరలేదు. టెలిఫోనులు మూగవోయిన ఆ దినములలో ఆమెయు తోడివారును హోటలు పచ్చికపై తిరిగి యంత్రము నిలిపి, ప్రధాన భూభాగమందలి హాములకు వార్తలందించిరి. కారు నికోబారునకు సైతము యంత్రము చేర్చిరి. సరదాకై తెచ్చిన పెట్టె ఎన్నో కుటుంబములకు ‘మీవారు క్షేమము’ అను కబురు మోసెను.

డిగ్లీపూరు 2002 సెప్టెంబరు 14 తెల్లవారుజామున 6.5 తీవ్రతగల భూకంపమును చవిచూచిన ఊరు. రాజధానికి (2024 నుండి దాని పేరు శ్రీ విజయపురము) రోడ్డున మూడువందల కిలోమీటర్లకు మించిన దూరము. ఓర్వకల్లు వంటి అర వాటు ఎఫ్.ఎం. యంత్రము మన బజారు దాటి పోజాలదు; సాడిల్ పీక్ దానికి గోడ. హాములు వాడు హ్రస్వ తరంగములో, ఆకాశపు పై పొరను తాకి తిరిగివచ్చి కొండలను, కడలిని దాటును. దానికి పరీక్ష కలదు. 1978 నాటి నిబంధనలు ఆ పరీక్షకు కనీస వయస్సును పన్నెండేండ్లుగా నిర్ణయించినవి. మన సమితి పిల్లలలో ఆ యీడు దాటినవారు పలువురున్నారు.