అగ్నిపర్వతపు ఊపిరిలో నీరున్నదా?

పసిఫిక్ మహాసముద్రములోని హవాయి ద్వీపమున కిలౌయా అను అగ్నిపర్వతము కలదు. ఇరువదవ శతాబ్దారంభమున దాని శిఖరముననున్న హాలెమౌమౌ అను గోతిలో లావా సరస్సు ఉండెడిది. దానిపై తెల్లని మేఘము లేచుచుండెడిది. అది నీటి ఆవిరియే అని అందరి నమ్మకము. స్విట్జర్లండు రసాయనజ్ఞుడు ఆల్బర్ట్ బ్రన్ 1910లో అచ్చట పరీక్షలు చేసి, దీనిని కాదనెను. శిలాద్రవపు వాయువులలో నీరు లేదనియు, తెల్లగా కనిపించునది లవణముల సన్నని ధూళి యనియు అతని వాదము.

ఇది చిన్న తగవు కాదు. అగ్నిపర్వతములు నీటిని వెలిగ్రక్కనిచో, సముద్రజలము భూగర్భమునుండి వచ్చినదను ఊహకు ఆధారమే ఉండదు.

పైకి లేచిన పొగను పట్టిన లాభము లేదు. అందులో గాలి, వానచెమ్మ కలిసియుండును. అందుచే 1912 మే నెలలో కార్నెగీ సంస్థకు చెందిన ఆర్థర్ డే, షెపర్డ్ అను శాస్త్రజ్ఞులు గోతిలోనికే దిగిరి. లావా గడ్డకట్టి ఏర్పడిన గుమ్మటపు పగులులోనికి గొట్టము దూర్చి, గాలి తగులకమునుపే వాయువును గాజునాళములలోనికి పంపుతో లాగిరి. నాళములలో కంటికి కనిపించునట్లు నీరు చేరెను! దానితో బొగ్గుపులుసు వాయువు, కార్బన్ మోనాక్సైడు, సల్ఫర్ డయాక్సైడు, ఉదజని, నత్రజని కూడ లభించెను.

రసాయనశాస్త్రము కూడ ఇందుకు సాక్ష్యమిచ్చుచున్నది. వేయి డిగ్రీలకు మించిన వేడిమిలో ఉదజని, బొగ్గుపులుసు వాయువు కలిసియున్నచో కొంత నీరు పుట్టక తప్పదు.

కాని ఆ నీరు లోనికి ఇంకిన వాననీరు కాదని ఎట్లు చెప్పగలము? 1965లో జేమ్స్ మూర్ హవాయి సమీపమున లోతైన సముద్రగర్భములో గడ్డకట్టిన లావాను పరీక్షించెను. మూత తీయని సోడాబుడ్డిలో వాయువు నిలిచియున్నట్లు, అచ్చటి ఒత్తిడికి శిలాద్రవములోని నీరు బయటపడలేదు. అది నూటికి అరవంతుకంటె తక్కువయే. అయినను శిలాద్రవములో కరిగియున్న సొంత నీరే. తరువాత కిలౌయా వాయువులలో హీలియం-3 పాలు గాలిలోకంటె ఎంతో హెచ్చుగా కనబడెను. భూమి పుట్టుకనాటి వాయువులు కొన్ని ఇంకను లోపల మిగిలియున్నవని దీనివలన తెలియుచున్నది.

శిలలు అరిగినంతమాత్రమున సముద్రములోని నీరు, క్లోరిన్ రాజాలవనియు, అవి భూగర్భమునుండి వెలువడినవే యనియు విలియం రూబీ 1951లో లెక్కకట్టి చూపెను. బ్రన్ పొరపడెను. కాని అతడు ప్రశ్నింపకున్నచో, ఆ గోతిలోనికి గాజునాళములతో దిగువారెవరు?